వృథా వేడికి ఒక డబ్బా: పాత కారు హీటరు జీవితకథ

భిలాయ్‌లో పాత అంబాసిడర్ ఉన్నవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, హీటరు పనిచేస్తోందా అని. ముందు నవ్వుతారు. "మే నెలలో మాడు పగిలే ఎండలు కాసే ఊళ్లో హీటరెందుకండీ, కారే పెద్ద హీటరు" అంటారు. ఆ తర్వాత బానెట్ ఎత్తి చూపిస్తారు. ఇంజను నుంచి హీటరుకు పోవలసిన రెండు రబ్బరు గొట్టాలూ ఉండవు. ఒకే గొట్టం ముక్కను వంచి, ఇంజను నుంచి వచ్చే నీటిని మళ్లీ ఇంజనుకే కలిపేసి ఉంటారు. డ్యాష్‌బోర్డు కింద డబ్బా మాత్రం అలాగే ఉంటుంది, ఎండిన వేపాకులూ, ఎప్పుడో ఎలుక కట్టుకున్న గూడూ నింపుకుని.

ఆ నవ్వులో న్యాయం సగమే. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అయినా భిలాయ్‌లో హీటరుకు అసలు పని చలికాలంలో కాదు, వానాకాలంలో. జూలైలో జోరువాన పడుతుంటే అద్దం బయటి నుంచి చల్లబడుతుంది. లోపల నలుగురు మనుషుల ఊపిరి తేమ ఆ చల్లటి అద్దానికి తగిలి పొగమంచులా పట్టేస్తుంది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ జీఈ రోడ్డు మీద లారీల మధ్య పోతుంటాడు. గాలిని వేడిచేస్తే అందులో ఉన్న తేమ తగ్గదు గాని, మరింత తేమను మోయగల శక్తి దానికి వస్తుంది. ఆ గాలి అద్దం మీదికి తగిలితే పొర నిమిషాల్లో ఎగిరిపోతుంది. ఏసీ లేని కారుకు ఈ డబ్బా ఒక్కటే దిక్కు.

ఇంత ఉపకారానికి హీటరు అదనంగా పెట్రోలు అడగదు. పెట్రోలు ఇంజనులో తగలబడే ఇంధనంలో, లెక్క స్థూలంగా చెప్పుకుంటే, మూడో వంతు కూడా చక్రాలను తిప్పడానికి రాదు. మిగతాదంతా సైలెన్సరు గొట్టంలోంచి వేడి పొగగానూ, రేడియేటరు మీదుగా వేడి గాలిగానూ పోతుంది. ఎలాగూ పారబోస్తున్న ఆ వేడిలో కొంత పట్టుకుని మనుషుల కాళ్ల మీదికి, అద్దం మీదికి తిప్పడమే హీటరు చేసేది.

ఇది తట్టడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. తొలినాళ్ల కార్లకు తలుపులే సరిగా ఉండేవి కావు. కంబళ్లు కప్పుకునేవారు, కాళ్ల కింద నిప్పులు నింపిన ఇనప పెట్టెలు పెట్టుకునేవారు. అమెరికాలో మార్గరెట్ విల్కాక్స్ అనే మహిళ 1893లోనే వాహనాల హీటరుకు పేటెంటు తీసుకుంది. కార్లలోకి వేడి మొదట వచ్చింది మాత్రం పొగగొట్టం దారిన. ఎర్రగా కాలే ఆ గొట్టం చుట్టూ ఒక తొడుగు వేసి, మధ్యలోని గాలిని లోపలికి వదిలేవారు. ఫోర్డు మోడల్-ఏ కార్లకు ఇలాంటివి అమర్చుకునేవారు. చవక, చటుక్కున వేడెక్కుతుంది. కాని గొట్టానికి సన్నటి చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మనిషి ముక్కులోకే. దానికి రంగు లేదు, వాసన లేదు. నాకు ఈ పద్ధతి మీద ఏమాత్రం గౌరవం లేదు.

1930 ప్రాంతంలో వేడినీటి హీటర్లు వచ్చాక పద్ధతి మారింది. రేడియేటరుకు పోయే నీటిలో కొంత పక్కకు తిప్పి, కారు లోపల ఒక చిన్న రేడియేటరులోంచి పంపించి, వెనక నుంచి ఫ్యానుతో గాలి కొట్టడం. విషపు పొగకూ మనిషికీ మధ్య ఇప్పుడు నీరు అడ్డం ఉంది. 1938లో అమెరికాకు చెందిన నాష్ కంపెనీ ఇంకో అడుగు వేసింది. లోపలి గాలినే తిప్పి తిప్పి వేడిచేసే బదులు, బయటి తాజా గాలిని వడగట్టి, వేడిచేసి లోపలికి తోసింది. లోపల పీడనం కాస్త పెరగడంతో తలుపు సందుల్లోంచి చల్లగాలి దూరడం తగ్గింది. ఇవాళ్టి కారు హీటరు కూడా మూలంలో ఇదే.

బ్రిటన్‌లో స్మిత్స్ కంపెనీ కార్ల గడియారాలు, మీటర్లతోపాటు హీటర్లూ చేసింది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో హీటరు చాలావరకు వేరే డబ్బు కట్టి పెట్టించుకునే సామాను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ వంశంలో పుట్టి, ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేతుల్లో పెరిగి, 2014 దాకా తయారైన మన అంబాసిడర్‌కూ ఆ అలవాటు వారసత్వంగా వచ్చింది. అందులో చాలాకాలం కొనసాగిన 1489 సీసీ బి-సిరీస్ ఇంజను సిలిండర్ హెడ్ వెనక చివర చూడండి. హీటరు కుళాయి బిగించే చోటు ఉంటుంది. హీటరు లేని బండికి అక్కడ రెండు నట్లతో ఒక చిన్న పలక మూసి ఉంటుంది. వేడి బయటికి రావడానికి తలుపు తయారుగానే ఉంది, మనమే తాళం వేసుకున్నాం.

భిలాయ్‌వాళ్లు వృథా వేడిని చూసి నవ్వడం నాకు మరీ విడ్డూరం. ఈ ఊరే దాని మీద నిలబడింది. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లు ఎందరో ఈ ప్లాంటును నమ్ముకునే ఇక్కడ స్థిరపడ్డారు. రాజ్‌హరా కొండల ఇనుపరాయి కరిగే ఆ ఫర్నేసుల పక్కన గుండ్రటి తలలున్న పొడవాటి ఉక్కు స్తంభాలు కనిపిస్తాయి కదా, అవే స్టవ్‌లు. ఫర్నేసుకు హీటరు డబ్బాలన్నమాట.

వాటి కథ కారు హీటరు కథకంటే తమాషాగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇనుము చేసేవాళ్లందరి నమ్మకం ఒక్కటే: కొలిమిలోకి ఊదే గాలి ఎంత చల్లగా ఉంటే ఇనుము అంత బాగా వస్తుంది. ఎందుకంటే చలికాలంలో దిగుబడి నిజంగానే బాగుండేది. గాలి గొట్టాలు ఎండకు వేడెక్కకుండా తెల్లరంగు వేసినవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి చల్లదనం కాదు. చలికాలపు గాలిలో తేమ తక్కువ. తేమ ఎక్కువైతే కొలిమిలో నీటి ఆవిరి విడిపోవడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. 1828లో గ్లాస్గోకు చెందిన జేమ్స్ బ్యూమాంట్ నీల్సన్ ఈ నమ్మకాన్ని తలకిందులు చేసి, గాలిని ముందే వేడిచేసి ఊదే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. క్లైడ్ ఇనుప కర్మాగారంలో టన్ను ఇనుముకు 8 టన్నుల బొగ్గు పట్టేది. గాలిని 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడిచేస్తే 5 టన్నులకు, 600 డిగ్రీలకు చేర్చాక రెండు టన్నుల పైచిలుకుకు దిగింది. గాలిని కాచడానికి తగలేసిన బొగ్గు అదనమే అయినా, మిగిలిన బొగ్గు ముందు అది లెక్కలోకి రాదు.

1857లో ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ కౌపర్ అనే ఇంజనీరు ఆ అదనపు బొగ్గునూ తీసిపారేసే దారి చూపాడు. ఫర్నేసు పైనుంచి వెళ్లిపోయే వాయువులో అయిదో వంతు దాకా కార్బన్ మోనాక్సైడే. మండుతుంది. దాన్ని స్టవ్‌లో మండించి లోపలి ఇటుకల గూడును ఎర్రగా కాల్చాలి. ఆపైన మంట ఆపి, అదే ఇటుకల్లోంచి చల్లగాలిని పంపాలి. పగలంతా ఎండను మింగిన డాబా గోడ రాత్రికి కక్కినట్టు, ఇటుకలు దాచుకున్న వేడిని గాలికి ఇచ్చేస్తాయి. ఒక స్టవ్ కాలుతుంటే ఇంకొకటి ఊదుతుంది, కాసేపటికి వంతులు మారతాయి. నేటి పెద్ద ఫర్నేసుల్లో గాలి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటి లోపలికి పోతుంది. భిలాయ్‌లో 2018లో మొదలైన, 4060 ఘనపు మీటర్ల ఎనిమిదో ఫర్నేసు 'మహామాయ' దాకా ఇదే సూత్రం. కారులో ఇటుకల పని నీరు చేస్తుంది, వంతులు లేకుండా ఆగకుండా తిరుగుతుంది. తేడా అంతే.

ఇప్పుడు ఆ మూలపడ్డ డబ్బాను బయటికి తీద్దాం. ఇంజను చల్లారాకే నీళ్లు దింపాలి. గొట్టాలు, తీగలు, కేబుళ్లు విప్పేముందు ఫోటో తీసుకుంటే తర్వాత తిట్టుకోనక్కర్లేదు. డబ్బా రెండు రేకు సగాలు, మధ్యలో క్లిప్పులో మరలో ఉంటాయి. విప్పగానే ముందు రాలేది నల్లటి పొడి. ఒకప్పుడు సందులు మూసిన స్పాంజి అది. ఆ స్పాంజి మిగలకపోతే గాలి చిన్న రేడియేటరులోంచి పోవడం మానేసి పక్క సందుల్లోంచి జారిపోతుంది, హీటరు బాగున్నా వేడి రాదు. కొత్తగా నీరు పీల్చని రకం స్పాంజి పట్టీలు అతికించాలి. పాత గాస్కెట్లు, ఇంజను గోడ మీది అట్టల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకొద్దు, తడిపి తీయండి.

చిన్న రేడియేటరును మాత్రం భిలాయ్‌లోని పవర్‌హౌస్ ప్రాంతంలో ఏదైనా రేడియేటరు దుకాణంలో ఇవ్వడం మేలు. నేను చూసిన మిస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి. ఒక చివర మూసి, రెండో చివర నుంచి తక్కువ పీడనంతో గాలి పెట్టి, దాన్ని నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు రాలేదు. ఆ తర్వాత గొట్టంలో నీళ్లు పోశాడు. అవి చుక్కలు చుక్కలుగా కారాయి.

"చిల్లు లేదు బాబుగారూ, గొంతు పూడిపోనాది" అన్నాడు. "చిల్లయితే అతికీవచ్చు. ఇది ముందు నోరు తెరిపించాల."

పూడిపోయింది సున్నంతో. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోస్తే, కాగినప్పుడల్లా సున్నం గొట్టాల గోడలకు పేరుకుంటుంది. నిమ్ముప్పు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, అటూ ఇటూ తిరగేసి కడిగితే మెల్లగా వదులుతుంది. బాత్రూము యాసిడ్ మాత్రం పోయకండి, ఇత్తడినే తినేస్తుంది. అతుకు వేయవలసి వస్తే చూడదగ్గది ఆ పనితనమే. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది. మంట ఒక అతుకు మీద పెడితే పక్క అతుకు ఊడిపోవచ్చు. అందుకే చుట్టూ తడిగుడ్డలు చుట్టి, మంటను తాకించీ తాకించకుండా తిప్పుతాడు. నీళ్లు నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి బండి నడిచేటప్పుడు ఆ టంకానికి భయం లేదు.

ఫ్యాను మోటారు చాలాసార్లు కాలిపోయి ఉండదు, బిగుసుకుపోయి ఉంటుంది. బుష్‌లకు నూనె, అరిగిన కార్బన్ బ్రష్‌లకు మార్పు, కమ్యుటేటరుకు సన్నని గాజు కాగితంతో రుద్దుడు. ఎమరీ కాగితం వద్దు, దాని రేణువులు పలకల మధ్య ఇరుక్కుని కరెంటు దాటిస్తాయి. ఇంకో కిటుకు ఉంది. పాత బ్రిటిష్ పద్ధతి కార్లలో బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపేవారు. తర్వాత ఎవరో దాన్ని మైనస్సుకు మార్చి ఉంటే, శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారు వెనక్కి తిరుగుతుంది. తీగ చుట్టల అయస్కాంతమైతే ఎటు కలిపినా అదే దిక్కున తిరుగుతుంది. గాలి మందంగా వస్తుంటే మోటారును తప్పుపట్టేముందు ఇది చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ డబ్బా కథ వింతగా మారింది. ఆ మోటారులో వృథా అయ్యే వేడి మరీ తక్కువ. కాబట్టి చలిదేశాల్లో హీటరు వేస్తే బ్యాటరీయే ఖర్చు కావాలి, ఒక్క చార్జిలో పోయే దూరం తగ్గిపోతుంది. అందుకే వాటిలో చాలావాటికి బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే హీట్ పంపులు పెడుతున్నారు.

పాత కారున్న వాళ్లకు రెండు మాటలు. ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతే, ఏసీ ఉంటే ఆపి, హీటరు కుళాయి పూర్తిగా తిప్పి, ఫ్యాను వేగం పెంచి, అద్దాలన్నీ దించండి. చెమట పడుతుంది గాని, మూడు నాలుగు కిలోవాట్ల వేడి ఇంజను నుంచి అదనంగా బయటికి పోతుంది. మన స్నానాలగది గీజరు వాడేది సాధారణంగా రెండు కిలోవాట్లే. ముల్లు దిగకపోతే బండి ఆపేయండి, రేడియేటరు మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు. లోపల తియ్యటి వాసన వచ్చి అద్దం మీద జిడ్డు పొర కడుతుంటే కూలెంటు కారుతున్నట్టే. అది పిల్లలకూ కుక్కలకూ విషం, ఆ వారమే బాగుచేయించండి. ఇక పాత అంబాసిడర్ కొనబోతున్నవాళ్లు బేరం ఆడేముందు బానెట్ ఎత్తి ఆ వంచిన గొట్టం ముక్క ఉందేమో చూసుకోండి. ఉంటే హీటరు డబ్బా బాగుచేయించే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి.