ఫోనులో వినబడని మాట



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. మానసిక వ్యాధికి మన దగ్గర మందులు వాడుతున్నవారిలో కొందరిది తాడేపల్లిగూడెం, కొందరివి కొల్లేటి లంక గ్రామాలు. కైకలూరు అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, అక్కడివారు ఏలూరు రావాలంటే జిల్లా దాటాలి. ఈ జబ్బులో మందు ఆగిపోతే, బాగుపడిన మనిషికి మళ్ళీ తిరగబెట్టవచ్చు. మా దిగులంతా అదే.

సరిగ్గా ఆ రోజే కేంద్ర ఆరోగ్యశాఖ టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. డాక్టరుగారు ఫోనులో మాట్లాడి మందులచీటీ పంపే వీలు కలిగింది. మేము ఓ.పి. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాము. నిద్ర పడుతున్నదా, అన్నం తింటున్నారా, మాత్రలు ఎన్ని మిగిలాయి అని అడిగేవాళ్ళం. చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపితే, దగ్గరి మందుల షాపులో తెచ్చుకునేవారు.

అయితే ఫోనుతో కాని పనులూ ఉన్నాయి. నెలకోసారి వేసే ఇంజెక్షను ఫోనులో వేయలేము. లిథియం వాడేవారికి రక్తపరీక్ష ఫోనులో చేయలేము. అన్నిటికన్నా కష్టం, మనిషి ముఖం కనబడకపోవడం.

ఒక లంక గ్రామంలోని తల్లికి వారం వారం ఫోన్ చేసేవాళ్ళం. ప్రతిసారీ "బాగానే ఉన్నానండి" అనేది. మేమూ రిజిస్టరులో అలాగే రాసుకున్నాము. ఆ ఫోను ఇంటాయనది, స్పీకరులో పెట్టి ఇచ్చేవాడు. నాలుగోసారి మా సిస్టరుకు అనుమానం వచ్చి, "స్పీకరు తీసి చెవి దగ్గర పెట్టుకో అమ్మా. అవును, కాదు అంటే చాలు" అన్నది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"అవునండి."

"రాత్రిళ్ళు నిద్ర లేదా?"

"అవునండి."

"చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అమ్మా?"

కాసేపు మాట లేదు. తరువాత, "అవునండి."

"మీ ఆయనతో నేను చెప్పనా?"

"చెప్పండి."

ఆయనతో మాట్లాడి, ఆమెను ఒంటరిగా వదలవద్దని, ఇంట్లోని పురుగుమందు తీసివేయమని చెప్పాము. ఆ పూటే 108లో ఆస్పత్రికి తీసుకువచ్చారు. "పక్కనే ఉన్నాను, నాకే తెలియలేదండి" అని ఆయన కంటతడి పెట్టుకున్నాడు. తెలియనిది ఆయనకొక్కడికే కాదు, మూడు వారాలు మాకూ తెలియలేదు. ఆ రోజునుండి ప్రతి ఫోనులోనూ మొదటి ప్రశ్న మార్చుకున్నాము: "ఇప్పుడు మీరు ఒక్కరే ఉన్నారా?" కాదంటే, వీలైన వేళ అడిగి మళ్ళీ చేసేవాళ్ళం.

కరోనా రోజులు గడిచినా ఫోను వైద్యం ఆగలేదు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలి మానస్ సేవ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కుటుంబసభ్యులకు మా మనవి ఇది. బాగున్నారు కదా అని మాత్రలు మీ అంతట మీరు మానిపించకండి. ఇంజెక్షనుకు, రక్తపరీక్షకు తప్పక తీసుకురండి. ఆస్పత్రి నుండి ఫోను వస్తే రోగి చేతికిచ్చి, పది నిమిషాలు బయట అరుగుమీద కూర్చోండి. చనిపోతానన్న మాట వినబడితే ఒంటరిగా వదలకండి, ఫోనుతో సరిపెట్టకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్