దీపము తండ్రియా, మేనమామయా?

ఒక చిత్రము ముగిసిన వెంటనే ప్రక్కవారిని "అర్థమైందా?" అని అడుగుట మనలో పలువురకు అలవాటు. ఆ మాట చెవిని బడగానే, అంతవరకు హాయిగా చూచుచున్న మనిషి పరీక్షకు కూర్చున్న పిల్లవాని వలె ముడుచుకొనిపోవును. దుగ్గిరాలలో మా బంధువుల యింట ఒక వేసవి రాత్రి మేమును ఈ పొరపాటే చేసితిమి.

ఆ యింటి మనుమడు సెలవులకు వచ్చుచు చిన్న ప్రొజెక్టరు నొకదానిని వెంట తెచ్చెను. వాకిట గోడకు ఉతికిన దుప్పటి కట్టి, కంప్యూటరు సాయమున నిర్మించిన రెండు లఘు చిత్రములను చూపుటకు సిద్ధపడితిమి. వచ్చినవారు పండ్రెండుగురకు మించరు. ఇంటి పెద్దావిడ, ఆమె కోడలు, నలుగురైదుగురు పిల్లలు, పసుపు కొట్టులో గుమాస్తాగా నున్న పొరుగాయన, బస్తాలు మోయు హమాలీలు ఇద్దరు. పసుపు యార్డు గల ఊరు గనుక ఆ దినములలో మనుష్యుల బట్టలకు, ఆ మాటకు వచ్చిన మా దుప్పటికి గూడ, ఆ వాసన కొంత అంటియే యుండెను.

మొదటి చిత్రము 'లక్సో జూనియర్'. అమెరికాలో పిక్సార్ సంస్థకై జాన్ లాసెటర్ 1986లో తీసినది. నిడివి రెండు నిమిషములు. బల్లమీద పెట్టుకొని చదువుకొను దీపములు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక బంతి. చిన్న దీపము బంతితో ఆడును, దానిమీది కెక్కి గెంతును, బంతి గాలి పోయి చప్పబడును. చిన్నది తలవంచుకొని వెడలిపోవును. అంతలో మరియొక పెద్ద బంతిని తరుముకొనుచు వచ్చును. పెద్ద దీపము తల యూపును. మాట ఒక్కటియు లేదు.

చిత్రము కాగానే మేము అడుగరాని ప్రశ్న అడిగితిమి. ఎవరును మాటాడలేదు. హమాలీలలో పెద్దవాడు, "మాకేం తెలుస్తుందండీ, చదువుకున్నోళ్ళు మీరే చెప్పాలి," అనెను. ఆ మాటకు మాకు సిగ్గు కలిగెను. రెండు నిమిషముల క్రిందట, బంతి చప్పబడినప్పుడు, "అయ్యో!" అని అందరికంటె ముందు అన్నవాడు అతడే.

పిల్లలలో ఒకతె "ఆ పెద్దది నాన్నా?" అని అడుగుటతో గాని సభ కరగలేదు. పెద్దావిడ అందుకొనెను. "తండ్రి కాదే, అది మేనమామ. తండ్రైతే బంతి పగలగొట్టినప్పుడే వీపు మీద ఒకటి వేసేవాడు." కోడలు ఒప్పుకొనలేదు. "తల్లే అత్తయ్యా. విసుక్కుంటూనే కూర్చుని చూస్తోంది చూడండి." ఇక ఎవరి మాట వారిది.

ఇందు విశేషమేమనగా, ఈ ప్రశ్న దుగ్గిరాల వాకిట పుట్టినది కాదు. 1986లో డల్లస్ నగరమున కంప్యూటరు చిత్రకళా నిపుణుల వార్షిక సమావేశములో ఈ చిత్రమును తొలిసారి చూపినప్పుడు, ఆ విద్యలో అగ్రగణ్యుడైన జిమ్ బ్లిన్ లాసెటరు వద్దకు వచ్చెను. నీడలను లెక్కగట్టిన పద్ధతిని గూర్చి అడుగునని లాసెటరు అనుకొనెను. ఎందుకనగా ఆ దీపముల కాంతి కదలినకొలది నీడలు కదలుట ఆనాటికి గొప్ప సంగతి. బ్లిన్ అడిగినది వేరు: పెద్ద దీపము తల్లియా, తండ్రియా? ఈ కథను లాసెటరు తరువాత పలుమారులు చెప్పుకొనెను. నిపుణుడు యంత్రమును మరచిన క్షణమది. మా పెద్దావిడకు మరచుటకు యంత్ర మన్నదే లేదు. ఆమె నేరుగా బంధుత్వములోనికే పోయెను.

ఈ బొమ్మ యెట్లు కదలునో కొంచెము చెప్పవలెను. దీపము మొదట కంప్యూటరులో అంకెల రూపమున నుండును: కడ్డీ పొడవింత, కీలు ఇక్కడ, గొడుగు వెడల్పింత. ముఖ్యమైన భంగిమలను కళాకారుడు నిర్ణయించును. నడుమ నుండు భంగిమలను యంత్రము లెక్కగట్టును. పిమ్మట కాంతి ఎటనుండి వచ్చినదో, నీడ ఎట పడునో గణించి ఒక్కొక్క బొమ్మను రచించును. సెకనుకు 24 బొమ్మల చొప్పున రెండు నిమిషములకు 2,880 బొమ్మలు. లెక్క యంత్రముదే గాని, గెంతుటకు ముందు దీపము కొంచెము క్రుంగవలెనని దానికి తెలియదు. బరువెత్తబోవు మనిషి మోకాళ్ళు వంచునట్లు ఆ క్రుంగుబాటును పెట్టినది మనిషి. చిన్నదీపమును శిశువుగా తోపించుటకు లాసెటరు కొలతలన్నిటిని ఒక్క తీరుగా తగ్గింపలేదు. పసిబిడ్డకు తల పెద్దది, ఒడలు చిన్నది గదా! గొడుగును కాస్త పెద్దదిగ నుంచి కడ్డీలను కురచ చేసెను. బల్బును మాత్రము తగ్గింపలేదు, అది అంగడిలో కొన్నది గనుక.

ప్రాణము లేని ఆకృతులలో మనము ప్రాణమును చూచుట క్రొత్త సంగతి కాదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమెల్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న చలనచిత్రమును చూపి పరీక్షించిరి. అందులో రెండు త్రిభుజములు, ఒక వృత్తము, ఒక వైపు తలుపువలె తెరుచుకొను పెట్టె. ఏమి చూచితిరో వ్రాయుడనగా, 34 మందిలో ఒక్కరు మాత్రమే త్రిభుజము కదలినది, వృత్తము కదలినది అని రేఖాగణితముగా వ్రాసిరి. తక్కినవారందరును పోట్లాటలు, బెదరింపులు, పారిపోవుటలు వ్రాసిరి. పెద్ద త్రిభుజము దుష్టుడని పలువురు తీర్మానించిరి.

మన ప్రాంతములవారికి ఈ విద్య తోలుబొమ్మలాట వలన చిరకాలమునుండి పరిచితము. తెల్లని తెర, వెనుక దీపము, రంగులద్దిన మేకతోలు. హనుమంతుడు లంకకు దాటుచుండగా ముందున్న జనము ఊపిరి బిగబట్టుట. జుట్టు పోలిగాడును బంగారక్కయు తిట్టుకొనుచుండగా నవ్వనివారు లేరు. అక్కడ ఎవరును "అర్థమైందా?" అని అడుగలేదు, అడుగవలసిన పని లేకపోయెను. ధర్మవరము దాపున నిమ్మలకుంటలో ఈ కళ ఇంకను బ్రతికి యున్నది. అచటి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. ఆటలు తగ్గినందున అక్కడివారు ఆ తోలుతోనే దీపపు గొడుగులు చేసి అమ్ముచున్నారు. దీపము బొమ్మ యగుటకు ఇక్కడ మేము ఆశ్చర్యపడుచుండగా, అక్కడ బొమ్మలు దీపములైనవి. ఇది మాకంత సంతోషము కలిగించు వార్త గాదు.

అట్లని మనిషిని అచ్చముగా పోలిన బొమ్మ అన్నిటికంటె బాగుగా నచ్చుననుకొనరాదు. 2014లో వచ్చిన 'విక్రమసింహ'లో రజనీకాంత్ కదలికలను యంత్రముతో పట్టి బొమ్మకు తొడిగిరి. చూపులో ఏదో వెలితి యున్నదని ప్రేక్షకులు పలువురు చెప్పిరి. పోలిక మిక్కిలి దగ్గరపడి పూర్తి గాక నిలిచినచోట మనసుకు వెగటు పుట్టునని జపాను శాస్త్రజ్ఞుడు మసహిరో మోరి 1970లోనే వ్రాసెను. అంతకు రెండేండ్ల ముందు, 2012లో, రాజమౌళిగారి 'ఈగ'ను జనము నెత్తిన పెట్టుకొనిరి. ఈగకు మనిషి ముఖము లేదు, మాట లేదు. అయినను దాని పగ మన పగ ఆయెను.

ఇక రెండవ చిత్రము. దీనిని చూపుటయా మానుటయా అని మేము తటపటాయించితిమి. కెనడా జాతీయ చలనచిత్ర మండలి తరఫున పీటర్ ఫోల్డెస్ తీసిన 'ఆకలి' అది; 1974లో కాన్ ఉత్సవమున బహుమతి పొందినది. ఇందులో దీపముల వంటి ముద్దు లేదు. వట్టి గీతలు. ఒక గీత మరియొక గీతగా మారుచు, వస్తువులు ఒకదానిలోనికి ఒకటి కరగిపోవుచుండును. ఒకడు తినును, తిని తిని ఉబ్బును, ఇంకను తినును. తుదకు ఆకలిగొన్నవారి గుంపు వచ్చి వానినే తినును. ఈ గీతల మార్పునకు కావలసిన యంత్రవిద్యను ఆటవాలోని పరిశోధన మండలిలో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్ సమకూర్చిరి. ఇది 'కళాచిత్రము' గనుక ఈ వాకిట నిలువదని మా శంక. ఆ శంకలో కొంత అహంకారము కలదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

ఈమారు మేమేమియు అడుగలేదు. కోడలికి కోపము వచ్చెను. "పిల్లలకు అన్నం పెట్టే వేళ ఇదేం సినిమా?" అని చిన్నవాండ్రను లోపలికి తీసికొనిపోయెను. అదియు న్యాయమైన అభిప్రాయమే. మేము ముందుగా హెచ్చరింపవలసినది. గుమాస్తాగారు, "తన డబ్బుతో తాను తిన్నాడు, వాణ్ని చంపడమెందుకు?" అనిరి. ఆ గుంపు ఉన్నట్టుండి ఎక్కడనుండి వచ్చినది, కథలో అతుకు సరిగా లేదని కూడ ఆక్షేపించిరి. ఇంతకుముందు తనకేమియు తెలియదన్న హమాలీ కొంతసేపు ఊరకుండి, "వాళ్ళు ముందు నుంచీ అక్కడే ఉన్నారండీ. ఆయన తింటున్నాడు గదా, కనపళ్ళేదు," అనెను.

గీత గీతగా మారుటలోని అర్థమును వివరించుటకు మేమొక చిన్న ప్రసంగము సిద్ధము చేసికొనియుంటిమి. కుర్చీ మనిషిలోనికి, మనిషి భోజనములోనికి కరగునప్పుడు, తినువానికిని తినబడు దానికిని హద్దు చెరిగిపోవుచున్నదని చెప్పదలచితిమి. ఆ మాట విన్న తరువాత ప్రసంగమును జేబులోనే ఉంచుకొంటిమి. గుమాస్తాగారు మాత్రము ఒప్పుకొనక, రాత్రి పదకొండు గంటల దాక హమాలీతో వాదించిరి. కూలి రేట్ల దాక పోయిన ఆ వాదము ఇచట వ్రాయతగినది కాదు గాని, ఆ ఇద్దరును ఒకే అరుగుమీద అంతసేపు కూర్చుండుట అంతకు మున్నెన్నడును చూడలేదని పెద్దావిడ చెప్పెను.

మరునాటి ఉదయము మేము తెనాలి బయలుదేరుచుండగా ఆ హమాలీ యార్డుకు పోవుచు గుమ్మము వద్ద ఆగెను. "అయ్యా, చివర్న వచ్చిన ఆ జనంలో పిల్లలు కూడా ఉన్నారా?" అని అడిగెను. మాకు జ్ఞాపకము రాలేదు. రైలులో కూర్చుండి మరల చూచితిమి.