నవలాకారుడు గోపీచంద్, వెండితెర ప్రయాణం

తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయగా నిలిచిన నల్లగొండ ప్రాంతంలోనూ, దానికి ఆనుకొని ఉన్న పాలమూరు పల్లెల్లోనూ 'మాభూమి' సినిమా పేరు తెలియనివారు అరుదు. ఆ చిత్రంలో దొర పెత్తనాన్ని ఎదిరించే పేద రైతు యువకుడు రామయ్యగా నటించిన సాయిచంద్ ముఖం ఇక్కడి ప్రేక్షకులకు బాగా పరిచయం. చాలా కాలం తర్వాత బాన్సువాడ నేపథ్యంలో వచ్చిన 'ఫిదా'లో కథానాయిక తండ్రిగా కనిపించింది కూడా ఆయనే. అయితే ఆయన తండ్రి త్రిపురనేని గోపీచంద్ తెలుగు నవలకు మనోవిశ్లేషణ మార్గాన్ని చూపిన రచయిత అనీ, 1950 ప్రాంతంలో స్వయంగా సినిమాలకు దర్శకత్వం వహించిన వ్యక్తి అనీ గుర్తుంచుకున్నవారు తక్కువ. బెంగాలీలో శైలజానంద ముఖోపాధ్యాయ్, ప్రేమేంద్ర మిత్ర వంటి కథకులు కలం పట్టిన చేత్తోనే సినిమా దర్శకత్వమూ చేపట్టి రెండు రంగాల్లోనూ పేరు తెచ్చుకున్న కాలంలోనే, తెలుగులో అటువంటి ప్రయత్నం చేసిన తొలితరం రచయితల్లో గోపీచంద్ ముఖ్యుడు.

ఆయన 1910 సెప్టెంబర్ 8న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని అంగలూరులో జన్మించారు. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి 'కవిరాజు' అన్న బిరుదుతో ప్రసిద్ధుడు. ఆయన పురాణాలను హేతువాద దృష్టితో, అంటే ఏ విషయాన్నైనా కారణం అడిగి, తర్కానికి నిలబడితేనే అంగీకరించే దృష్టితో, విమర్శిస్తూ 'సూతపురాణం', 'శంబూకవధ' వంటి గ్రంథాలు రచించారు. ప్రశ్నించడమే నిత్యకృత్యంగా ఉన్న ఇంట్లో పెరిగిన గోపీచంద్ న్యాయశాస్త్రం చదివినా న్యాయవాద వృత్తిలో నిలవలేదు. తన ప్రధాన నవల 'అసమర్థుని జీవయాత్ర'ను తండ్రికే అంకితమిచ్చి, ప్రశ్నించడం నేర్పింది ఆయనేనని అంకితంలో చెప్పుకోవడాన్ని బట్టి ఆ ఇంటి ప్రభావం ఎంత లోతైనదో గ్రహించవచ్చు.

గోపీచంద్ ఆలోచనా జీవితం ఇద్దరు బెంగాలీల మధ్య సాగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. మార్క్సిజంతో మొదలైన ఆయన, కమ్యూనిస్టు ఉద్యమంలో అంతర్జాతీయంగా పనిచేసి ఆ తర్వాత దానితో విభేదించిన ఎం.ఎన్. రాయ్ వైపు ఆకర్షితులయ్యారు. రాయ్ 1940లో స్థాపించిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీకి గోపీచంద్ ఆంధ్ర ప్రాంతంలో కార్యదర్శిగా పనిచేశారు. వ్యక్తి స్వేచ్ఛనూ, వివేచననూ, నీతినీ రాజకీయాలకు పునాదిగా నిలపాలన్న రాయ్ సిద్ధాంతానికి నవ్యమానవవాదమని పేరు. 1948 చివర్లో రాయ్ తన పార్టీనే రద్దు చేశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో గోపీచంద్ క్రమంగా మరో బెంగాలీ అయిన శ్రీ అరవిందుల తత్త్వం వైపు జరిగారు. హేతువాది అరవిందుల దగ్గరికి చేరడాన్ని ఆయన మిత్రుల్లో కొందరు తిరోగమనంగా భావించారు గానీ, ఆయన రచనలను వరుసగా చదివిన పాఠకుడికి అది ప్రశ్న ఆగిపోవడంగా కాక అదే ప్రశ్న మరో దిక్కుకు తిరగడంగా కనిపిస్తుంది.

సినిమాతో ఆయన సంబంధం నవలాకారుడిగా స్థిరపడకముందే మొదలైంది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి సంస్థ నిర్మించిన 'రైతుబిడ్డ' (1939)కు ఆయన సంభాషణలు రాశారు. ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ ప్రధాన పాత్ర ధరించిన ఆ చిత్రం జమీందారీ వ్యవస్థలో రైతు పడే బాధను సూటిగా చూపడంతో జమీందారుల ఆగ్రహానికి గురై కొన్ని చోట్ల నిషేధాన్ని కూడా ఎదుర్కొంది. జమీందారు అంటే ప్రభుత్వానికి కొంత సొమ్ము చెల్లించి తన పరిధిలోని రైతుల నుంచి శిస్తు వసూలు చేసుకునే హక్కు పొందిన భూస్వామి. నిజాం రాజ్యంలోని దేశ్‌ముఖులూ, ఆత్మకూర్, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాల పాలకులూ వేర్వేరు హోదాల్లో ఉన్నా, పంట పండించే మనిషికీ పన్ను వసూలు చేసే అధికారానికీ మధ్య ఉన్న దూరం మాత్రం ఇక్కడి రైతులకూ కొత్త కాదు. అందువల్ల 'రైతుబిడ్డ' కోస్తా జమీందారీల కథే అయినా ఈ ప్రాంత చరిత్ర తెలిసినవారికి పరాయిదిగా అనిపించదు.

1946లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించి, భానుమతితో కలిసి నటించిన 'గృహప్రవేశం' చిత్రానికి కూడా గోపీచంద్ రచయిత. అదే దశాబ్దంలో ఆయన 'అసమర్థుని జీవయాత్ర' వెలువడింది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా, అంటే బయట జరిగే సంఘటనల కంటే పాత్ర మనసులో జరిగే సంఘర్షణనే కథగా మలచిన నవలగా, విమర్శకులు దీన్ని పేర్కొంటారు. కథానాయకుడు సీతారామారావు ఉన్న కుటుంబంలో పుట్టి, వంశ ప్రతిష్ఠ నిలపాలన్న తండ్రి మాటను మనసులో మోస్తూ, దానధర్మాలతోనూ డాంబికంతోనూ ఆస్తిని కరిగించుకుంటాడు. తర్వాత కష్టపడి బతకడం చేతకాక, తన వైఫల్యానికి లోకాన్నీ భార్యనూ నిందిస్తూ, క్రమంగా మతి చలించి శ్మశానంలో అంతమవుతాడు. ఈ పతనానికి సంఘం ఎంత కారణమో అతని మనస్తత్వమూ అంతే కారణమని చూపిన చోటే గోపీచంద్ ప్రతిభ ఉంది. సీతారామారావు తనతో తాను వాదించుకునే పుటల్లో వాక్యాలు ఆలోచన వేగంతో పరుగెత్తుతాయి, ఒక సమర్థన కూలిపోగానే మరొకటి లేస్తుంది, పాఠకుడు అతన్ని అసహ్యించుకుంటూనే అతనిలో తన ఛాయను గుర్తించి ఉలిక్కిపడతాడు. కౌలుకు ఇచ్చిన పొలం మీద బతుకుతూ పాత పేరునే ఆస్తిగా భావించుకున్న కుటుంబాలు ఆ కాలంలో తెలుగు ప్రాంతాలన్నిటా ఉండేవి కాబట్టి, సీతారామారావు ఒక్క కృష్ణా జిల్లా మనిషి కాడు.

ఇటువంటి నవల రాసిన వ్యక్తి దర్శకుడైనప్పుడు ఎటువంటి సినిమా తీయాలి? 1950లో శోభనాచల సంస్థ కోసం, కృష్ణవేణి నాయికగా, ఆయన దర్శకత్వం వహించిన 'లక్ష్మమ్మ' పల్లెల్లో ప్రచారంలో ఉన్న ఒక పతివ్రత కథ. అదే ఏడాది అదే కథను ఘంటసాల బలరామయ్య అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావులతో 'శ్రీ లక్ష్మమ్మ కథ'గా తీశారు. అందువల్ల ఒకే ఇతివృత్తం మీద రెండు సంస్థలు పోటీపడిన ఉదంతంగానే చలనచిత్ర చరిత్రలో ఈ సినిమా ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. తర్వాత 1951లో 'పేరంటాలు', 1952లో 'ప్రియురాలు' వచ్చాయి. ఈ చివరి చిత్రం ద్వారానే కొంగర జగ్గయ్య వెండితెరకు పరిచయమయ్యారు. కవిరాజు కుమారుడు, రాయ్ అనుచరుడు, మనసు పొరలను విప్పిన నవలాకారుడు పతివ్రత కథతో దర్శకత్వం ప్రారంభించవలసి రావడం ఆయన వ్యక్తిగత రాజీగా కంటే నాటి మద్రాసు చిత్ర పరిశ్రమ స్వభావానికి నిదర్శనంగా చూడాలి. స్టూడియో యజమాని, పంపిణీదారు, పాటల సంఖ్య కలిసి కథను నిర్ణయించే ఆ వ్యవస్థలో, పాత్ర అంతరంగంలోకి దిగే కథనానికి చోటు దొరకలేదు. బెంగాల్‌లో కూడా నవలా సాహిత్యం, సినిమా దీర్ఘకాలం కలిసి నడిచిన తర్వాత గానీ 1955లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' రాలేదు. గోపీచంద్ దర్శకత్వం అంతకు మూడేళ్ల ముందే ఆగిపోయింది.

తర్వాత ఆయన ఆంధ్ర రాష్ట్ర సమాచార శాఖలోనూ, ఆకాశవాణిలోనూ ఉద్యోగం చేస్తూ రచనను విస్తృతంగా కొనసాగించారు. ప్రపంచ తత్త్వవేత్తలను సామాన్య పాఠకులకు పరిచయం చేసిన 'తత్త్వవేత్తలు', వ్యాసానికీ లేఖకూ మధ్య కొత్త రూపంగా వచ్చిన 'పోస్టు చెయ్యని ఉత్తరాలు' నేటికీ ఆసక్తితో చదివించే పుస్తకాలు. కథల్లో 'ధర్మవడ్డీ' వంటివి డబ్బుకూ మనిషి మనసుకూ ఉన్న సంబంధాన్ని ఎత్తి చూపుతాయి. చివరి దశలో రాసిన 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'లో భౌతిక దృష్టికీ ఆధ్యాత్మిక దృష్టికీ మధ్య సమన్వయం వెతికే ప్రయత్నం కనిపిస్తుంది. కథనంలో బిగి విషయానికొస్తే 'అసమర్థుని జీవయాత్ర'కు అది సాటిరాదు గానీ, ఆలోచనా వైశాల్యంలో దాన్ని దాటుతుంది. 1962 నవంబర్ 2న గోపీచంద్ మరణించగా, మరుసటి ఏడాది 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. తెలుగుకు తొలి అకాడమీ పురస్కారం 1955లో పాలమూరు బిడ్డ, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. దాన్ని అందుకోవడానికి ఆయన కూడా అప్పటికే జీవించి లేరు.

గోపీచంద్ తన సినిమాల్లో సాధించలేనిది ఆయన తర్వాతి తరంలో, తెలంగాణ నేల మీద, పాక్షికంగా నెరవేరింది. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మాభూమి'కి దర్శకుడు బెంగాలీ యువకుడైన గౌతమ్ ఘోష్. సాహిత్యం నుంచి పుట్టి, తారల మీద కాక జనజీవితం మీద ఆధారపడి, పరిశ్రమ లెక్కలకు వెలుపల తీసినా ప్రజాదరణ పొందిన ఆ చిత్రంలో కథానాయక పాత్రను గోపీచంద్ కుమారుడే ధరించడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.

2011లో భారత తపాలా శాఖ గోపీచంద్ స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. దర్శకుడిగా ఆయన స్థానం పరిమితమైనదే, నవలాకారుడిగా మాత్రం ఆయనది మొదటి వరుస. ఆయనను ఇంతవరకు చదవనివారు 'అసమర్థుని జీవయాత్ర'తో మొదలుపెట్టి, ఆ తర్వాత 'పోస్టు చెయ్యని ఉత్తరాలు' చదవడం మంచిది. ఆత్మకూర్ వంటి చిన్న పట్టణాల గ్రంథాలయాలు కూడా ఈ రెండు పుస్తకాలను పాఠకులకు అందుబాటులో ఉంచాలి.