కావిడి బద్ద నుంచి విమానం రెక్క దాకా: ఆచార్య జె.ఎన్. రెడ్డి

నిరుడు సార్వా నాట్లప్పుడు మా నాన్నగారి భుజం మీద కావిడి బద్ద చీలింది. రెండు వైపులా తడి నారు కట్టలు. గట్టు మీద నాలుగడుగులు వేశారో లేదో ఫట్‌మని చప్పుడు, వెదురు బద్ద నిలువునా రెండు చీలికలైంది. భుజం కోసుకుపోయి వారం రోజులు చెయ్యెత్తలేకపోయారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, "బియ్యెస్సీ లెక్కలు చదువుతున్నావుగా, బద్ద అడ్డంగా విరక్కుండా నిలువునా ఎందుకు చీలిందో చెప్పు చూద్దాం" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని నా దగ్గర సమాధానం లేదు. ఏటా ఒక పంట డబ్బు నా చదువుకి పోతోంది. అందుచేత ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

సమాధానం కోసం వెతుకుతూ పోతే తెలుగువాడే అయిన ఒక మహనీయుడి గణితం దగ్గర తేలాను. ఆ సంగతే ఈ వ్యాసం.

మొదట శాస్త్రం పేరు చెప్పుకుందాం. గోదావరి నీటిలో అణువులెన్నో లెక్కపెట్టి ఎవరూ ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తరు. నీటిని ఎక్కడా తెగని మాధ్యమంగా భావించి వేగాన్నీ, పీడనాన్నీ గణిస్తారు. ఇనుమునీ, వెదురునీ, కాంక్రీటునీ కూడా అలాగే చూస్తారు. అణువుల జోలికి పోకుండా పదార్థం ఎలా కదులుతుందో, ఎలా వంగుతుందో చెప్పే ఈ శాస్త్రమే కంటిన్యుయమ్ మెకానిక్స్. తెలుగులో అవిచ్ఛిన్న మాధ్యమ యాంత్రికశాస్త్రం అనవచ్చు.

ఇక కావిడి బద్ద సంగతి. భుజం మీద బద్ద రెండు కొసలూ కిందికి వంగినప్పుడు పైనున్న పీచు సాగుతుంది, కిందనున్న పీచు కుదించుకుంటుంది. మరి మధ్యలో? రెండొందల పేజీల నోటుబుక్కు చేతిలోకి తీసుకుని వంచి చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి, అంచు ఏటవాలుగా తయారవుతుంది. ఈ జారుడునే ఇంగ్లీషులో షియర్ అంటారు. వెదురులో పొరలు అతుక్కుని ఉంటాయి గనుక పైకి జారినట్టు కనపడదు, కాని జారాలనే బలం లోపల ఉంటుంది. పై తలం మీదా, కింద తలం మీదా అది సున్నా, నడిమధ్య అత్యధికం. వెదురు పీచు పొడుగునా బలమైనది, పీచుకీ పీచుకీ మధ్య అతుకు బలహీనమైనది. బలహీనమైన చోటే అది ఓడిపోతుంది. అందుకే నిలువునా చీలింది.

స్కేలును వంచి యంగ్ గుణకం కనుక్కునే ప్రయోగం మనందరం చేసినదే. ఆ సూత్రంలో ఈ జారుడు లేదు. స్కేలు పల్చన గనుక వదిలేసినా ఫరవాలేదు. మందంగా ఉన్నవాటికీ, పొరలుగా అతికించినవాటికీ అలా వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఆ తప్పును పొరల పలకల విషయంలో చక్కగా సరిదిద్దిన వారిలో ముఖ్యులు జునుతుల నరసింహారెడ్డి గారు.

ఆయన 1945 ఆగస్టు 12న, నాటి హైదరాబాదు సంస్థానంలోని వరంగల్ ప్రాంతంలో జన్మించారు. 1968లో ఉస్మానియాలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. అమెరికా వెళ్ళి 1970లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., 1974లో హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో జె. టిన్‌స్లీ ఓడెన్ పర్యవేక్షణలో పి.హెచ్‌డి. పొందారు. 1976లో ఫైనైట్ ఎలిమెంట్ల గణిత సిద్ధాంతం మీద గురుశిష్యులిద్దరూ కలిసి పుస్తకం రాశారు. పెద్ద చేనును మడులుగా చేసి ఏ మడికామడి నీరు లెక్కగట్టినట్టు, పెద్ద వస్తువును చిన్న ముక్కలుగా చేసి గణించే పద్ధతి అది. ఓక్లహోమాలోనూ, వర్జీనియా టెక్‌లోనూ బోధించి, 1992లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన పట్టా ఇంజనీరింగుదే అయినా పని మాత్రం చాలావరకు గణితమే.

ఆయన 1984 నాటి సిద్ధాంతాన్ని ఇలా ఊహించుకోవచ్చు. ఒక పలకలో నిలువుగా సూది గుచ్చి, పలకను వంచామనుకోండి. 1850లో కిర్కాఫ్, సూది నిటారుగానే ఉంటుంది, వంగిన మధ్యతలానికి లంబంగానూ ఉంటుంది అన్నాడు. అంటే జారుడు లేనట్టే. తరువాత 1945లో రైస్నర్, 1951లో మిండ్లిన్ జారుడును లెక్కలోకి తెచ్చారు. మిండ్లిన్ పద్ధతిలో సూది నిటారుగా ఉంటూనే పక్కకు ఒరగవచ్చు. కాని అప్పుడు జారుడు పై నుంచి కింది దాకా ఒకే మాదిరిగా వస్తుంది. నిజానికి పై తలం మీదా, కింద తలం మీదా అది సున్నా కావాలి గదా! ఆ లోటు పూడ్చటానికి 5/6 వంటి సవరణ గుణకం ఒకటి తగిలించేవారు.

రెడ్డి గారు సూదినే వంగనిచ్చారు. మందం వెంబడి స్థానభ్రంశానికి ఘనపదం దాకా రాసి, పై కింద తలాల మీద జారుడు సున్నా అనే నియమం పెట్టారు. ఆ నియమంతో అదనపు అజ్ఞాతరాశులు తొలగిపోయి, పాత పద్ధతిలో లాగానే అయిదు మిగిలాయి. సవరణ గుణకంతో పని లేకుండా పోయింది. ఘనపదం ఆయనకు ముందు వాడినవాళ్ళు లేకపోలేదు. పొరల పలకలకు దానిని ఇంత సులువుగా అమర్చటమే ఆయన గొప్పతనం.

దీని ఉపయోగం ఏమిటంటారా? బోయింగ్ 787 విమానం బరువులో సుమారు సగం ఇటువంటి పొరల పదార్థమే. గాలిమర రెక్కలూ, మన అంతర్వేది రేవులో కనిపించే ఫైబర్ పడవలూ ఆ జాతివే. వాటిలోనూ పీచు గట్టిది, జిగురు మెత్తనిది. మా కావిడి బద్ద కథే పెద్ద ఎత్తున!

2019లో ఆయనకు టిమోషెంకో పతకం లభించింది. దూలాల లెక్కలో జారుడును చేర్చి 1921లో వ్యాసం ప్రకటించిన టిమోషెంకో పేరిట ఇచ్చే పతకమే అది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నోటుబుక్కు వంచి నాన్నగారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అందుకేగా బద్దకి మూడు చోట్ల కట్లు కట్టేది. మొన్నటి బద్దకి నడిమి కట్టు ఊడిపోయింది, నేనే చూసుకోలేదు" అన్నారు. నేను ఆశ్చర్యపోయాను. ఎక్కడ కట్టాలో మా వాళ్ళకి ముందే తెలుసు. ఎందుకో, ఎంతో చెప్పటమే లెక్క చేసే పని.

మిత్రులారా, నాన్నగారు అంతటితో వదల్లేదు. "కొత్త బద్ద కొన్నాను. దాని మీద ఎంత బరువు వెయ్యొచ్చో లెక్కగట్టి పంపు" అన్నారు. బద్ద వెడల్పూ, మందమూ కొలిచి తెచ్చుకున్నాను. సార్వా నాట్లలోపు లెక్క తేల్చాలి.