నొప్పి చెప్పకుండా నలిగే పూస

పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో పిల్లల వెన్ను అగ్గిపెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తుంది. ఆ వరుసలో ఒక పెట్టె ముందువైపు అణిగి ఏటవాలుగా ఉంటే డాక్టరు దాని ఎత్తు కొలుస్తారు. ఉండాల్సిన దానికన్నా ఐదోవంతు తగ్గిందంటే ఫ్రాక్చర్ కిందే లెక్క. చిత్రమేమిటంటే, ఆ పిల్ల ఎక్కడా పడి ఉండకపోవచ్చు. నడుం నొప్పని ఒక్కసారి కూడా అని ఉండకపోవచ్చు.

కీళ్లవాతం, లూపస్, డెర్మటోమయోసైటిస్ లాంటి జబ్బులకు స్టెరాయిడ్ వాడే పిల్లల్లో ఇది ఎంత తరచుగా జరుగుతుందో కెనడా డాక్టర్లు 'స్టాప్' అనే పరిశీలనలో లెక్కగట్టారు. మందు మొదలుపెట్టిన నెలలోపే 134 మందికి వెన్ను ఎక్స్‌రేలు తీస్తే నూటికి ఏడుగురిలో అప్పటికే పూసలు నలిగి ఉన్నాయి. 2015లో వచ్చిన మూడేళ్ల ఫలితాల్లో నూటికి 12 మందికి పైగా కొత్తగా ఫ్రాక్చర్లు కనిపించాయి. అందులోనూ మొదటి ఏడాదే ఎక్కువ. దెబ్బతిన్నవారిలో దాదాపు సగం మందికి నొప్పే లేదు.

నెల తిరక్కుండానే పూస నలిగిందంటే నేరమంతా మాత్రదేనా? కాదు. జబ్బుతో ఒంట్లో రగిలే వాపే ఎముకను తినేస్తుంది. కీళ్లు పట్టేసి మంచానికి అతుక్కున్న పిల్ల ఎముకకు ఆటపాటల ఒత్తిడి కూడా అందదు. ఆపైన స్టెరాయిడ్ వచ్చి చేరుతుంది. ఎముకను కట్టే కణాలు త్వరగా చచ్చిపోతాయి, కొరికే కణాలు మొదట్లో ఎక్కువకాలం బతుకుతాయి. పేగు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోదు, మూత్రంలో పోయేదీ పెరుగుతుంది. లోపల స్పాంజిలా ఉండే ఎముకకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. వెన్నుపూసలో ఉండేది ఎక్కువగా అదే.

ఈ సంగతి కొత్తదేం కాదు. కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఒంట్లోనే మితిమీరితే ఏమవుతుందో హార్వీ కషింగ్ 1932లోనే వర్ణించాడు. ఉబ్బిన గుండ్రటి ముఖం, బలహీనపడిన ఎముకలు రెండూ అందులో ఉన్నాయి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో కదల్లేని ఒక మహిళకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇప్పించాడు. ఆమె రోజుల్లోనే లేచి నడిచింది. రెండేళ్లకే హెంచ్‌కు నోబెల్ వచ్చింది. అంత అద్భుతం కళ్లముందుంటే ఎముకల గొడవ ఎవరికి గుర్తుంటుంది!

మోతాదు మాత్రం ఎప్పుడూ గుర్తుండాలి. కెనడా లెక్కలో రోజుకు సగటున కిలో బరువుకు అర మిల్లీగ్రాము పెరిగిన ప్రతిసారీ ఫ్రాక్చర్ ముప్పు రెట్టింపయింది. 20 కిలోల పిల్లకు అది 10 మిల్లీగ్రాములు. అందుకే మెథోట్రెక్సేట్ లాంటి మందులు తోడిచ్చి స్టెరాయిడ్‌ను మెల్లగా దించుతారు. భయపడి ఇంట్లోవాళ్లే ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. బయటినుంచి వచ్చే హార్మోనుకు అలవాటుపడి ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి.

ఇక ఎముక బలానికని ఇంట్లో పట్టే రాగిజావ సంగతి. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, మంచి మాటే. కానీ గ్లాసు జావకు పట్టే రెండు మూడు చెంచాల పిండిలో నూరు మిల్లీగ్రాముల దరిదాపే దొరుకుతుంది. 10-12 ఏళ్ల పిల్లలకు రోజుకు 850 కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కాబట్టి పాలు, పెరుగు, నువ్వులు, విటమిన్ డి కూడా కావాలి. అన్నీ అందినా అవి మందు దెబ్బను పూర్తిగా అడ్డుకోలేవు.

పిల్లలకు పెద్దలకు లేని వెసులుబాటు ఒకటుంది. జబ్బు అదుపులోకొచ్చి, మోతాదు తగ్గి, ఎదుగుదల మళ్లీ పుంజుకుంటే నలిగిన పూస తనంతట తానే ఎత్తు తెచ్చుకోగలదు. ఏడేళ్ల పిల్లకు అందుకు చాలా ఏళ్లే మిగిలి ఉన్నాయి. ఎదుగుదల ముగింపుకొచ్చిన పదిహేనేళ్ల అమ్మాయికి అంత గడువు లేదు. ఎముకను కాపాడే జోలెడ్రోనేట్ లాంటి ఇంజెక్షన్ ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు డాక్టర్లు ఎక్స్‌రేతో పాటు ఆ మిగిలిన గడువునూ లెక్కలోకి తీసుకుంటారు.