పప్పు మెత్తగా ఉడికే నీళ్ళు

మీకు తెలుసా? నెల్లూరు జిల్లా సీతారామపురం, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో పిల్లల పళ్ళకు పట్టే గోధుమరంగు గారకు కారణం బడి గోడ మీద వేలాడే ఆవర్తన పట్టికలోనే ఉంది. పైన కుడివైపు, నియాన్‌ను ఆనుకుని ఉన్న తొమ్మిదో మూలకం ఫ్లోరిన్.

పట్టికలో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ కేంద్రకం లాగుడు పెరిగి పరమాణువు చిన్నదవుతుంది. కిందికి దిగేకొద్దీ కొత్త కక్ష్యలు చేరి పెద్దదవుతుంది. ఈ లెక్కన ఎలక్ట్రాన్లను అన్నిటికంటే గట్టిగా గుంజుకునేది ఫ్లోరినే. పౌలింగ్ కొలతలో దాని రుణవిద్యుదాత్మకత 3.98, ఆక్సిజన్‌ది 3.44. అంత మొండి మూలకం కాబట్టే 1886లో హెన్రీ మొయిసాన్ విడదీసేదాకా అది ఎవరికీ చిక్కలేదు.

ఇలా ఎలక్ట్రాన్‌ను గుంజుకున్న ఫ్లోరినే ఫ్లోరైడ్ అయాన్. నీళ్ళతో ఒంట్లోకి పోయి పళ్ళనూ ఎముకలనూ పట్టేది అదే. మరి రోజూ ఉప్పుతో క్లోరైడ్ తింటున్నాం కదా, అది ఎముకను పట్టదేం? క్లోరిన్ అదే గ్రూపులో ఒక మెట్టు కింద ఉంది. క్లోరైడ్ అయాన్ వ్యాసార్థం 181 పికోమీటర్లు, ఫ్లోరైడ్‌ది 133. ఎముకలోనూ పంటిలోనూ ఉండే హైడ్రాక్సిల్ అయాన్‌ది దాదాపు ఫ్లోరైడ్ అంతే. అందుకే ఫ్లోరైడ్ దాని చోట్లో సరిగ్గా ఇమిడిపోతుంది, ఏళ్ళ తరబడి పేరుకుంటుంది.

అసలు విశేషం వంటింట్లో ఉంది. పప్పు మెత్తగా ఉడికి, సబ్బు బాగా నురగొస్తే మంచి నీళ్ళని మన ఇళ్ళలో లెక్క. నీళ్ళలో కాల్షియం తక్కువైతేనే అలా జరుగుతుంది. కానీ ఫ్లోరైడ్‌ను కట్టిపడేసేది ఆ కాల్షియమే! కాల్షియం ఫ్లోరైడ్ లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములే కరుగుతుంది. సోడియం ఫ్లోరైడ్ 40 గ్రాముల దాకా కరుగుతుంది. పట్టికలో సోడియం, కాల్షియం పక్కపక్క గ్రూపులవే, అయినా ఇంత తేడా. వానలు తక్కువైన నేలలో కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలోనే దిగిపోతుంది. బోరులోకి సోడియం నీళ్ళు వస్తాయి, రాళ్ళలోని అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఊరిన ఫ్లోరైడ్ వాటిలో హాయిగా నిలుస్తుంది. దానికి రుచీ లేదు, వాసనా లేదు.

ఇది కొత్త సంగతేం కాదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా పిల్లలు ఆ గారపళ్ళతోనే బడికి పోవడం బాధాకరం.

నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. కాచినా లాభం లేదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కొత్త పళ్ళు చిగుళ్ళలోనే తయారయ్యే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. మీ బోరు నీళ్ళను ఒక్కసారి పరీక్ష చేయించండి. పప్పు ఉడికిందని మాత్రం నమ్మి తాగించకండి.