స్పీకరులో కందిరీగ

మైకుసెట్టు లేని పెండ్లీ, సెల్‌ఫోను లేని జేబూ మా కృష్ణా పశ్చిమ డెల్టాలో వెదికినా దొరకవు. తెనాలిలో హరికథ కానివ్వండి, బాపట్ల భావనారాయణస్వామివారి ఉత్సవం కానివ్వండి, రేపల్లెలో రాజకీయ సభ కానివ్వండి, అందరికంటె ముందు దిగేది మైకుసెట్టు బండి. ఈ మైకూ ఆ ఫోనూ ఒకచోట చేరితే యేమవుతుందో గడచిన యిరవై యేళ్ళలో విననివారు వుండరు. వక్తగారు గొంతు సవరించుకొని "సోదర సోదరీమణులారా" అంటారో లేదో, స్పీకరులో "టక్ టటక్, టక్ టటక్, బర్ర్" మని ఒక వింత రొద బయలుదేరుతుంది. వక్తగారు మైకును వేలితో తట్టి చూస్తారు. మైకుసెట్టు కుర్రవాడు పరుగెత్తుకొచ్చి తీగెలన్నీ తడుముతాడు. రెండు మూడు క్షణాలు గడిచాక వక్తగారి లాల్చీ జేబులోనే గంట మోగుతుంది. సభ గొల్లుమంటుంది.

నవ్వు సంగతి అలా వుంచండి. ఇందులో ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. రొద ముందు వచ్చింది, గంట తరువాత మోగింది. ఫోను గలవాడికంటె ముందే స్పీకరుకు ఆ కబురు యెవరు చెప్పారు?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి యీ విద్యుత్తు గొడవ యెందుకని మీకు అనుమానం రావచ్చు. నన్ను మొదట ఆకర్షించింది ఆ చప్పుడుకు పేరు లేకపోవడమే. గలగల, గణగణ, ఝుమ్ము, గుర్రు, కీచు అని చప్పుళ్ళకు మాటలు కుప్పలు తెప్పలుగా వున్న భాష మనది. వీటిలో యే ఒక్కటీ దీనికి అతకదు. చివరకు దీనికి సరిపోయే మాట మా పిన్ని నోట విన్నాను.

ఆవిడ వుండేది రేపల్లె దగ్గర ఒక పల్లెలో. డెబ్బయి దాటాయి. కొడుకు అమెరికాలో వుద్యోగం. అమ్మకు చెముడు వచ్చిందని తెలిసి, వచ్చినప్పుడు వినికిడి యంత్రాలు కొనిపెట్టి వెళ్ళాడు. వీధిలో కూరలవాడి కేకా, గుడిగంటా అన్నీ వినపడుతున్నాయని ఆవిడ చంటిపిల్లలా సంబరపడింది. కాని ఆదివారం కొడుకు ఫోను చేస్తే మాత్రం, "నీ మాటల్లో కందిరీగ చేరిందిరా నాయనా, ఒక్క ముక్కా తెలియడం లేదు" అని ఫోను కోడలి చేతికో మనవరాలి చేతికో యిచ్చేసేది. నాలుగు వారాలయ్యాక యంత్రాలు బీరువాలోకి పోయాయి. "చెవులే పోయాక యంత్రం యేం చేస్తుందిలే" అన్నది.

నిజానికి ఆవిడ చెవులు యెంత పోయాయో అంతే పోయాయి. యంత్రమూ చెడలేదు. సభలో స్పీకరును పట్టిన కందిరీగే ఆవిడ చెవిలోనూ దూరింది. పెద్దవాళ్ళున్న యిళ్ళలో యీ సంగతి తెలియక యంత్రాలు యెన్ని బీరువాల్లో పడి వున్నాయో!

ఇంతకూ ఆ కందిరీగ యెక్కడ పుడుతుంది? ఫోను టవరుతో మాట్లాడేది రేడియో తరంగాలతో. పాత 2జీ ఫోనుల తరంగం సెకండుకు సుమారు 90 కోట్ల సార్లు గాని, 180 కోట్ల సార్లు గాని కంపిస్తుంది. మనిషి చెవికి 20 వేల కంపనాలు దాటితే వినపడదు. మరి వినపడని తరంగానికి వినపడే చప్పుడెక్కడిది? కిటుకంతా ఫోనులు వంతులు వేసుకోవడంలో వున్నది.

మన దేశంలో యెక్కువగా వ్యాపించిన 2జీ పద్ధతి పేరు జీఎస్ఎం. ఇందులో ఒకే తరంగాన్ని ఎనిమిది ఫోనులు పంచుకొంటాయి. వేసవిలో మునిసిపాలిటీ కొళాయి దగ్గర ఎనిమిది బిందెలు వరుసలో నిలబడ్డట్టు ఊహించుకోండి. ఒక్కొక్క బిందెకు దక్కే సమయం సెకండులో పదిలక్షల వంతులు 577 మాత్రమే. ఎనిమిదీ ఒక చుట్టు తిరిగేసరికి 4.615 మిల్లీసెకండ్లు. అంటే మన ఫోనుకు సెకండుకు 217 సార్లు వంతు వస్తుందన్నమాట. వంతు రాగానే అది బలంగా ఒక కేక వేసి, వెంటనే నోరు మూసుకొంటుంది. మళ్ళీ వంతు, మళ్ళీ కేక. తరంగం మన చెవికి అందనిదే. కాని దాన్ని ఆపి ఆపి వేయడంలో పుట్టే 217 దెబ్బల లయ మాత్రం చెవికి చక్కగా అందేదే. హార్మోనియం తెలిసినవారికి చెప్పాలంటే, కింది స్థాయిలో ఆరు శ్రుతికి రవంత దిగువ పలుకుతుంది. దానితోపాటు పై స్వరాలు గుంపుగా చేరడం వల్ల కందిరీగ గొంతు వస్తుంది.

ఇక స్పీకరు దీన్ని పట్టుకోవడానికి దానికి రేడియో అక్కర లేదు. మైకు నుంచి యాంప్లిఫైయరుకు పోయే తీగె తానే ఏరియల్ అయిపోతుంది. ఆ తరంగం పొడవు జానెడు నుంచి మూరెడు లోపే కాబట్టి పొట్టి తీగెముక్క అయినా చాలు. యాంప్లిఫైయరులో వుండే ట్రాన్సిస్టరు, డయోడులలో విద్యుత్తును ఒకవైపు ఒప్పుకొని రెండవవైపు ఒప్పుకోని అతుకులుంటాయి. అవి తరంగాన్ని సగానికి కోసి, దాని మీద వున్న దెబ్బల లయను మాత్రం విడదీస్తాయి. మన జగదీశ్ చంద్ర బోసుగారు సీసపు ఖనిజపు పలుకుతో రేడియో తరంగాన్ని పసిగట్టి అమెరికాలో 1904లో పేటెంటు పొందినది యీ సూత్రం మీదనే. ఆయన కష్టపడి చేయించిన పని యీ యాంప్లిఫైయరు యెవరూ అడగకుండానే చేసిపెడుతున్నది!

ముందు రొద, తరువాత గంట యెందుకో యిప్పుడు తేలికగానే తెలుస్తుంది. మనకు పిలుపు రాగానే టవరు "ఫలానా ఫోను యెక్కడున్నది?" అని కేక వేస్తుంది. మన ఫోను "ఇక్కడే వున్నాను" అని బదులిస్తుంది. నీ చీటీ యేది, నీ గుర్తు యేది అని కచ్చేరీ వ్యవహారమంతా జరుగుతుంది. ఈ బదుళ్ళు సెకండుకు సుమారు నాలుగు విడతలుగా పోతాయి. ఆ విడతలే మన "టక్ టటక్". వ్యవహారం తేలాకనే గంట. ఫోను యెత్తాక విడతలు పోయి యెడతెగని బుర్రుమనే రొద మొదలవుతుంది.

ఎవరూ పిలవకుండానే అర్ధరాత్రి కంప్యూటరు స్పీకర్లు టకటకమనడం, దానికి యింట్లోవాళ్ళు ఉలిక్కిపడడం కొందరికైనా అనుభవమే. దయ్యాల పని కాదు. ఫోను అప్పుడప్పుడు తనంతట తానే టవరుకు హాజరు వేయించుకొంటుంది. తెనాలిలో రేపల్లె బండి యెక్కి కూర్చుంటే, ఒక టవరుల గుంపు పరిధి దాటి మరొక గుంపులోకి పోయినప్పుడల్లా కూడా హాజరు పడుతుంది.

ఆ దారినే మరొక తమాషా వున్నది. టవరు దగ్గరగా వుంటే ఫోను గుసగుసలాడుతుంది. దూరమైనకొద్దీ గొంతు పెంచుతుంది. పాత 2జీ ఫోను 900 తరంగం మీద గరిష్ఠంగా 2 వాట్ల దాకా కేక వేయగలదు; దగ్గరున్నప్పుడు ఆ శక్తి కొన్ని మిల్లీవాట్లకు దిగిపోతుంది. అందుచేత తెనాలి బజారులో స్పీకరు పక్కన పెట్టినా మారుపలకని ఫోను, కృష్ణ ఒడ్డున లంక గ్రామంలో అదే స్పీకరును హోరెత్తించవచ్చు. మామూలు జీఎస్ఎం టవరు మాట సుమారు 35 కిలోమీటర్లు దాటి చెల్లదు. అంతకంటె దూరమైతే ఫోను కేక వంతు తప్పి పక్కవాడి వంతులో పడుతుంది. తెనాలికీ రేపల్లెకీ దూరం అటూ యిటూగా అంతే.

రంగస్థలం మాట చెప్పకుండా తెనాలి ప్రసక్తి ముగించడం న్యాయం కాదు. బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభలో స్త్రీ పాత్రలకు ప్రాణం పోసి, 1956లో పద్మశ్రీ అందుకొన్న స్థానం నరసింహారావుగారి కాలంలో నాటకం చాలావరకు గొంతు బలం మీద నడిచింది. మైకు వచ్చాక నటుడు గుసగుసగా కూడా మాట్లాడగలుగుతున్నాడు. అది కళకు లాభమే. కాని పద్యం తారస్థాయికి పోయి జనం ఊపిరి బిగబట్టిన వేళ కందిరీగ దూరితే, ఆ నటుడి గతి యేమిటి?

ఇక్కడ నాకు మైకుసెట్టు కుర్రవాడి మీద కంటె సభ చేయించేవారి మీదనే కోపం. కొండంత స్పీకర్లు తెప్పిస్తారు, తీగె దగ్గర పొదుపు చేస్తారు. జబ్బు వున్నది తీగెలోనే. పైన రాగి అల్లిక గట్టిగా వున్న షీల్డు వైరు వాడి, ఆ అల్లికను రెండు కొసలా సరిగా అతికితే సగం రొద పోతుంది. మైకు మాటను రెండు తీగెల మీద యెదురుబొదురుగా పంపి, చివర రెంటి తేడా మాత్రమే తీసుకొనే పద్ధతి వున్నది. బయటి రొద రెండు తీగెల మీదా ఒకేలా పడుతుంది గనుక చాలావరకు దానిలో అదే కొట్టుకుపోతుంది. కంప్యూటరు తీగెలకు చివర కనిపించే నల్లటి గుండు ఫెరైటు. అదీ యీ తరంగాలను అడ్డుకొనేదే. ఇవేవీ లేనప్పుడు దూరమే మందు. ఆరుబయట దూరం రెండింతలైతే మీద పడే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఫోనును హార్మోనియం పెట్టె మీద కాక, పది అడుగుల అవతల వుంచినా చాలు. ఎప్పుడూ ఒకేలా "హుమ్" అనేది కరెంటు రొద, "కుయ్య్" మని కూసేది స్పీకరు మాట మళ్ళీ మైకులో పడడం. లయతో తట్టేదయితేనే ఫోను పని.

ఈ రొద విని, "స్పీకరునే యింత చేస్తే మన మెదడును యెంత చేస్తుందో" అని భయపడే తల్లిదండ్రులు కనబడుతుంటారు. ఈ రొద ఆ భయానికి కొలబద్ద కాదు. మన దేహంలో తరంగాన్ని కోసి చప్పుడుగా మార్చే ట్రాన్సిస్టరు లేదు. రొద చేయని ఫోనూ తరంగాలు పంపుతూనే వుంటుంది. ఫోను వల్ల దేహంలోకి చేరే శక్తికి వేరే లెక్క వున్నది. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి ఆ హద్దు కిలోగ్రాముకు 1.6 వాట్లు. చెవికి ఆనించి గంటలకొద్దీ మాట్లాడవద్దని పిల్లలకు చెప్పడం మంచిదే. దానికి సాక్ష్యం మాత్రం స్పీకరును అడగకూడదు.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తాకూ ఢిల్లీకీ మధ్య జరిగింది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్ సేవ ఆరంభించడం, ఆ మరుసటి యేడు వచ్చే పిలుపులు ఉచితం కావడంతో మన వూళ్ళలో మధ్యతరగతి యిళ్ళన్నిటిలోకీ ఫోను దూరింది. రొదకు రాజ్యమేలిన కాలం అదే. అదే రోజుల్లో వచ్చిన సీడీఎంఏ ఫోనులు వంతులు వేసుకొనేవి కావు గనుక వాటితో యీ బాధ అంతగా లేదు. 3జీ కూడా అంతే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి 4జీని మారుమూలలకు తీసుకుపోయాక రొద బాగా సన్నగిల్లింది. 4జీ ఫోను గరిష్ఠ శక్తి 0.2 వాటు, అంటే పాతదానిలో పదోవంతు.

మా పిన్ని బీరువాలో యంత్రాలు మళ్ళీ బయటికి వచ్చింది అందువల్లనే. ఆవిడ వాడేది పాత బొత్తాల ఫోను. దాన్ని మార్చి 4జీది యిచ్చినా మొదట కందిరీగ పోలేదు. ఫోను కొత్తదయినా అందులో "వోల్టీ" అనే ఏర్పాటు ఆపివుంటే సంభాషణ 2జీలోకి జారిపోతుంది. దాన్ని తెరిచాక కొడుకు గొంతు తేటగా వినిపించింది. అమెరికాలో 2003లోనే ప్రభుత్వ సంస్థ ఫోను కంపెనీలను కట్టడి చేసింది: వినికిడి యంత్రంతో పడే ఫోనులు కొన్నయినా అమ్మి తీరాలని. అక్కడ పెట్టె మీద ఎం3, ఎం4 అనే గుర్తులు చూసి కొనుక్కొనేవారు. మన దుకాణాల్లో ఆ అలవాటు లేదు కనుక, కొనేముందు పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళి, యంత్రం చెవిలో వుండగానే ఆ ఫోనుతో మాట్లాడించి చూడడమే దారి. ఫోనును చెవికి ఆనించకుండా బల్ల మీద పెట్టి స్పీకరులో వినడం కూడా పనికి వస్తుంది.

కందిరీగ పూర్తిగా యెగిరిపోలేదు. 2జీ యింకా నడుస్తూనే వున్నది. పొలంలో మోటారును యింట్లోంచి ఫోనుతో ఆపి నడిపే స్టార్టరు పెట్టెల్లో చాలావాటిలో 2జీ సిమ్ము వుంటుంది. అటువంటి పెట్టె పక్కన రేడియో పెట్టుకొని కాపలా పడుకొనేవారు మోటారు తిరగడానికి రెండు క్షణాల ముందు పాట మధ్యలో "టక్ టటక్" వినవచ్చు.